బాంబ్‌షెల్: ఒత్తి వెలిగించిన ఇనుప గుల్ల

చీపురుపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: ‘మాస్టారూ, ఇంగ్లీషు పత్రికల్లో బాంబ్‌షెల్ అనే మాట తరచుగా కనిపిస్తోంది. నిఘంటువు తీస్తే మొదటి అర్థం బాంబు, రెండో అర్థం దిగ్భ్రాంతి కలిగించే వార్త, మూడో అర్థం అందగత్తె అని ఉంది. ఈ మూడింటికీ పొంతన ఏమిటి? ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అనువాద పరీక్షలో ఇస్తే తెలుగులో ఏమని రాయాలి? నేను రాసుకున్న మూడు వాక్యాలు పంపుతున్నాను, దిద్దిపెట్టండి.’

అమ్మా, నీ వాక్యాలు దిద్దే ముందు నా పాత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బడిపంతులు ఉద్యోగం రాకముందు రెండేళ్లపాటు విజయనగరంలో ఒక చిన్న వారపత్రికలో పనిచేశాను. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన వార్తలను కుదించి తెలుగు చేయడం నా పని. ఒకసారి అచ్చుకు వెళ్లే రాత్రి నా ముందుకు వచ్చిన వార్తలో, ఒక నాయకుడు పార్టీ సమావేశంలో ‘బాంబ్‌షెల్’ వదిలాడని ఉంది. వేళ మించిపోతోంది. నిఘంటువు పక్క గదిలో ఉంది. లేచి వెళ్లడానికి బద్ధకం. బాంబ్ అంటే బాంబు, షెల్ అంటే పెంకు అని రెండు ముక్కలూ అతికించి, ‘సమావేశంలో ఆయన బాంబు పెంకును జారవిడిచారు’ అని రాసి పంపేశాను. ప్రూఫు దిద్దే పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ‘బాబూ, ఎంతమందికి దెబ్బలు తగిలాయో కూడా రాయవలసింది’ అన్నారు. ఆ రాత్రి పడిన సిగ్గు వల్లనే ఈ మాట గురించి తర్వాత ఇంత చదివాను.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే నా తప్పులో సగం ఒప్పే ఉంది. పుట్టినప్పుడు ఆ మాటకు అర్థం అచ్చంగా అదే. దానికి వార్తతో ఏ సంబంధమూ లేదు. యుద్ధరంగంలో వాడే ఒక ఇనుప వస్తువు పేరు అది.

ముందు షెల్ సంగతి చూద్దాం. మనకు కొబ్బరికి చిప్ప ఉంది, గుడ్డుకు పెంకు ఉంది, నత్తకు గుల్ల ఉంది, మామిడి పిక్కకు టెంక ఉంది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మాట పెట్టుకుని దర్జాగా బతికాం. ఇంగ్లీషువారు చిప్పకూ పెంకుకూ గుల్లకూ కూడా షెల్ అనే సరిపెట్టుకున్నారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే వారి చేతులు కాల్చే జిగురు ఉంటుందే, అది ఉండే పై పొర కూడా వారికి షెల్లే. పైన గట్టిగా ఉండి, లోపల బోలుగానో, వేరే సరుకుతోనో ఉండేది షెల్. 17వ శతాబ్దంలో సైనికులు ఈ మాటను తమ వాడుకలోకి తెచ్చుకున్నారు. బోలుగా పోతపోసిన ఇనుప గుండులో మందు కూరితే అది వారి కంటికి గుడ్డులాగానో గుల్లలాగానో కనిపించి ఉండాలి. ఫ్రెంచివారి కంటికి మరోలా కనిపించింది. చేత్తో విసిరే చిన్న గుండును వారు గ్రెనేడ్ అన్నారు. ఆ మాటకు వారి భాషలో దానిమ్మ పండు అని అర్థం. గింజలు కిక్కిరిసిన కాయ, మందు కిక్కిరిసిన గుండు. పోలిక బాగానే కుదిరింది.

ఇక బాంబ్. ఇది ఇంగ్లీషులోకి 16వ శతాబ్దం చివర ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచికి ఇటాలియన్ నుంచి వచ్చింది. దాని వెనుక లాటిన్‌లో బాంబుస్, ఇంకా వెనుక గ్రీకులో బాంబోస్ ఉన్నాయని చెబుతారు. గ్రీకులో దాని అర్థం తెలిస్తే నువ్వు నవ్వుతావు: బరువైన, బోలు ధ్వని. ఉరుములాంటి మోతకు వాడారు, తేనెటీగ చేసే ‘ఝుం’ అనే చప్పుడుకూ వాడారు. పువ్వుల చుట్టూ తిరిగే బొద్దు తుమ్మెద జాతికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు ఇప్పటికీ బాంబస్సే. మన ప్రబంధాలు చదివిన వారికి వెంటనే బంభరం గుర్తుకు వస్తుంది. బంభరం అన్నా తుమ్మెదే. ఈ రెండు మాటలకూ చుట్టరికం కలపడం లేదు. చెవికి వినపడిన దాన్ని నోటితో అనబోయి అక్కడివారూ ఇక్కడివారూ ఇంచుమించు ఒకే చోట పెదవులు కలిపారు, అంతే. అన్నట్టు, ఇంగ్లీషువారు పలికేటప్పుడు బాంబ్ చివరి బకారాన్ని మింగేస్తారు. బామ్ అంటారు, బామ్‌షెల్ అంటారు. రాతలో మాత్రమే మిగిలిన ఆ అక్షరాన్ని మనం ‘బాంబు’ అని నిండుగా పలుకుతున్నాం.

18వ శతాబ్దం మొదట్లో బాంబ్ అంటేనే మందు కూరిన ఇనుప గుండు. షెల్ అన్నా అదే. రెంటినీ కలిపి బాంబ్‌షెల్ అన్నారు. 1708 నాటికే ఈ జంట మాట రాతలో ఉంది. మనం ‘నడిమధ్య’ అంటాం కదా, నడిమి అన్నా మధ్య అన్నా ఒకటే అయినా. అలాంటి జోడింపే ఇది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు వేసిన బాంబుల నుంచి ఈ మాట పుట్టిందని ఎవరైనా చెబితే నమ్మకు. విమానం పుట్టడానికి దాదాపు 200 ఏళ్ల ముందే ఇది ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి ఆ వస్తువు ఎలా పనిచేసేదో చెప్పాలి. దాన్ని చూడకుండా ‘దిగ్భ్రాంతికరమైన వార్త’ అనే అర్థం ఎలా వచ్చిందో అంతుపట్టదు.

మామూలు ఫిరంగి గుండు గట్టి ఇనుప ముద్ద. అది వేగంతో వచ్చి గోడను కొడుతుంది, గోడ విరుగుతుంది, పని అయిపోతుంది. బాంబ్‌షెల్ అలా కాదు. అది బోలు. లోపల తుపాకి మందు, పక్కన చిన్న కన్నం, ఆ కన్నంలో బిగించిన కొయ్య గొట్టం, గొట్టం నిండా నెమ్మదిగా కాలే మందు. మన దీపావళి భాషలో చెప్పాలంటే ఒత్తి. మోర్టార్ అనే పొట్టి, వెడల్పు మూతి ఫిరంగిలో పెట్టి ఆకాశంవైపు ఎక్కుపెట్టి పేలిస్తే ఆ మంటకే ఒత్తి అంటుకునేది. గుండు ఎత్తుకు లేచి, కోటగోడ దాటి, లోపల జనం మధ్య పడేది. ఎంతసేపటికి పేలాలో లెక్క వేసి ఒత్తిని ముందే ఆ పొడవుకు కోసేవారు. లెక్క తప్పి పొట్టిగా కోస్తే గాలిలోనే పేలిపోయేది. 1814 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకలు బాల్టిమోర్ రేవు దగ్గరి మెక్‌హెన్రీ కోట మీద రాత్రంతా ఇలాంటివి కురిపించాయి. అమెరికా జాతీయ గీతంలో గాలిలో పేలే బాంబుల ప్రస్తావన వచ్చేది ఆ రాత్రి నుంచే.

ఒత్తి పొడవుగా కోస్తే ఇంకో చిత్రం జరిగేది. గుండు వచ్చి పడేది, దొర్లేది, ‘స్‌స్‌స్’ అని పొగ కక్కుతూ అలా ఉండేది. అందరూ చూసేవారు. అది ఏమిటో అందరికీ తెలుసు. ఇంకా పేలలేదు. ఆ కొద్ది క్షణాల్లో ఎవరైనా తెగించి ఒత్తిని ఆర్పవచ్చు, లేదా ఎత్తి అవతల పారేయవచ్చు. 1854 జూన్ 21న బాల్టిక్ సముద్రంలో హెక్లా అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద సరిగ్గా అదే జరిగింది. ఒత్తి కాలుతున్న షెల్ ఒకటి డెక్కు మీద పడింది. అందరినీ బోర్లా పడుకోమన్నారు. చార్లెస్ లూకస్ అనే 20 ఏళ్ల కుర్రవాడు మాత్రం పరుగెత్తి దాన్ని రెండు చేతులా ఎత్తి సముద్రంలోకి విసిరాడు. అది పేలింది కానీ నౌక మీద ఎవరి ప్రాణమూ పోలేదు. బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన సాహసాలన్నిటిలోకీ కాలం లెక్కన మొదటిది ఇదే.

నా లెక్కలో ఈ మాట ప్రాణమంతా పడడానికీ పేలడానికీ మధ్య ఉన్న ఆ వ్యవధిలోనే ఉంది. ఇది నీకు పుస్తకంలో కంటే మా వీధిలో బాగా అర్థమవుతుంది.

నా చిన్నతనంలో బొబ్బిలిలో మా వీధికి టెలిగ్రాం వచ్చిందంటే పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే ఉండేది. తంతి అంటే చావు కబురే అని జనానికి నమ్మకం. ఒకసారి మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒకావిడకు తంతి వచ్చింది. ఆవిడకు చదువు రాదు. భర్త సంతకు వెళ్లాడు. కొడుకు ఉద్యోగం వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ వెళ్లి నెల దాటింది. ఆ మూసిన కాగితం చేతిలో పట్టుకుని ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయింది. వీధిలో ఆడవాళ్లు చుట్టూ చేరి ఏడుపు మొదలుపెట్టారు. విప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. చివరికి మా నాన్నగారు బడి నుంచి వచ్చి విప్పి చదివారు. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది! ఏడ్చినవాళ్లంతా కళ్లు తుడుచుకుని, ఇంతసేపు ఏడిపించినందుకు ఆ కుర్రవాణ్ణి తిట్టుకుంటూ వెళ్లారు. దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. మీ తరానికి ఆ అరుగు మీది అరగంట తెలియదు. మూసిన కాగితం గుల్ల, లోపలి వార్త మందు, విప్పేదాకా కాలేది ఒత్తి. బాంబ్‌షెల్ అనే మాటకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. కాకపోతే ఆ రోజు అది పేలకుండా తుస్సుమంది.

19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఈ ఇనుప గుల్ల వార్తలకు అంటుకుంది. మొదట్లో ‘వార్త బాంబ్‌షెల్ లాగా పడింది’ అనేవారు. అంటే ఉపమాలంకారం. వాడగా వాడగా ‘లాగా’ ఊడిపోయి ఆ వార్తే బాంబ్‌షెల్ అయింది. అంటే రూపకం. అసలు వస్తువు మాత్రం యుద్ధరంగం నుంచి తప్పుకుంది. గుండ్రటి గుల్లల స్థానంలో కోసు మూతి గుండ్లు వచ్చాయి, వాటికి ఉత్త షెల్ అనే పేరే మిగిలింది. ఈ రోజు ఇంగ్లీషువాడు బాంబ్‌షెల్ అన్నాడంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు వార్త గురించే. మొదటి అర్థం నిఘంటువుల్లో పెన్షన్ తీసుకుంటోంది.

షెల్‌తో తయారైన ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో గుండ్ల వర్షం కింద రోజుల తరబడి కందకాల్లో ఉన్న సైనికులు ఒంటికి గాయం లేకుండానే వణికిపోవడం, మాట పడిపోవడం, నిద్ర లేకపోవడం చూసి డాక్టర్లు దాన్ని షెల్ షాక్ అన్నారు. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు ఈ పేరుతో వ్యాసం ప్రచురించాడు. మన ఇళ్లలో షాక్ అంటే కరెంటుదే ముందు గుర్తుకు వస్తుంది కానీ, ఇంగ్లీషులో అది కూడా యుద్ధరంగం మాటే. రెండు సైన్యాలు ఢీకొనడాన్ని షాక్ అనేవారు. అక్కడ దిగ్భ్రాంతిని చెప్పే మాటల్లో ఎన్నింటికి తుపాకి మందు వాసన వస్తుందో చూడు.

మన మాటలకు ఆ వాసన లేదా అంటే, ఉంది. నేను ఉండేది బొబ్బిలిలో. 1757 జనవరి 24న ఇక్కడి మట్టికోట మీద బుస్సీ నడిపిన ఫ్రెంచి సైన్యం, విజయనగరం విజయరామరాజు బలగం కలిసి దాడి చేశాయి. తెల్లవారుతూనే ఫిరంగులు బురుజుల మీదికి గురిపెట్టారు. తర్వాతి కథ ఈ జిల్లాలో పాలు తాగే పిల్లలకూ తెలుసు. నాకు కావలసింది ఫిరంగి అనే మాట. ఫ్రాంకులు అనే జాతి పేరు నుంచి పశ్చిమ ఐరోపావారందరికీ పారశీకంలో ఫరంగీ అనే పేరు పడింది. వారు తెచ్చిన ఆయుధానికి కూడా ఆ పేరే అంటుకుంది. అంటే బొబ్బిలి కోట మీద ఫిరంగి పేల్చిన వాడి పేరూ ఫిరంగే, పేలిన దాని పేరూ ఫిరంగే. తుపాకి కూడా తురుష్క, పారశీక భాషల మీదుగా వచ్చిందే. మందుగుండు మాత్రం మనం చేసుకున్న జంట. మందు లోపలిది, గుండు బయటిది. బాంబ్‌షెల్‌ను ఎవరైనా 1708లోనే మన చేతికి ఇచ్చి ఉంటే ‘మందుగుండు’ అని చక్కగా అనువదించి ఉండేవాళ్లం. వారపత్రికలో నేను రాసిన బాంబు పెంకు కంటే ఎంతో నయం.

అయినా ఆ ఫిరంగులు, గుండ్లు మన దిగ్భ్రాంతి మాటల్లోకి పెద్దగా రాలేదు. బాంబు వచ్చింది కానీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బాంబు అనే మాట తాను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే అని మా నాయనమ్మ చెప్పేది. విశాఖ నుంచి పెట్టె బేడా పట్టుకుని బండ్ల మీద, రైళ్ల మీద బంధువుల ఊళ్లకు వచ్చిన వారిలో రెండు కుటుంబాలు మా ఇంట్లోనే నెలరోజులు ఉన్నాయట. ‘బాంబు ఎలా ఉంటుంది?’ అని ఈవిడ అడిగితే, ‘మేము చప్పుడు విన్నాం, చూడలేదు’ అన్నారట వాళ్లు. ఆ గ్రీకుల లెక్కన అది సరైన జవాబు. బాంబు అంటే చప్పుడే.

అంతకుముందు నుంచీ, ఇప్పటికీ, భయంకరమైన కబురుకు మనం పట్టుకున్న మాట పిడుగు. పిడుగులాంటి వార్త, నెత్తిన పిడుగు పడ్డట్లు, కొంచెం గ్రాంథికంగా అశనిపాతం. నిర్ఘాంతపోవడం అంటాం చూడు, దాని వెనుక ఉన్న సంస్కృత నిర్ఘాతానికి కూడా ఉరుము, పిడుగు మోత అనే అర్థాలు ఉన్నాయి. ఇంగ్లీషువారికీ బాంబు దొరకక ముందు ఇదే దిక్కు. ఆస్టోనిష్, స్టన్ అనే మాటలను తవ్వుకుంటూ పోతే లాటిన్‌లో ఉరమడం అనే క్రియ తగులుతుంది. భయపడినప్పుడు మనుషులందరూ ముందు ఆకాశం వైపే చూశారు. మన వైపు ఆ పోలిక పాతబడలేదు కూడా. వానలకు ముందు మేఘం కమ్మితే ఫోనుకు పిడుగు హెచ్చరిక వస్తుంది, పొలంలో ఉన్నవాళ్లు పరుగులు తీస్తారు. ఇక్కడ పిడుగు అంటే అలంకారం ఒక్కటే కాదు.

నీ అనువాద పరీక్షకు పనికొచ్చేది ఇప్పుడు చెబుతాను. పిడుగును ఎవరూ వేయరు. అది పడుతుంది. దాని మీద కేసు పెట్టలేం, పోట్లాడలేం. బాంబ్‌షెల్‌ను ఒకరు తయారు చేసి, మందు కూరి, ఒత్తి కోసి, గురిచూసి వేస్తారు. ఇంగ్లీషులో దీనికి ఎక్కువగా జతపడే క్రియ డ్రాప్, అంటే జారవిడవడం. విమానాల కాలం వచ్చాక ఆ క్రియ మరీ అతికింది. జారవిడవడానికి ఒక చెయ్యి కావాలి. కాబట్టి అనువదించే ముందు వాక్యంలో ఆ చెయ్యి ఉందో లేదో వెతుక్కో. ఒక మనిషి కావాలని, వేళ చూసి, అందరి ముందు బయటపెట్టిన సంగతి అయితే మన పత్రికలు రాసే ‘బాంబు పేల్చారు’ సరిగ్గా సరిపోతుంది. అది ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చిన నుడికారమని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు ఆ పట్టింపు లేదు. ఫిరంగిని ఇముడ్చుకున్న భాషకు బాంబు ఒక లెక్కా? కబురు దానంతట అదే వచ్చి మీద పడితే, దాని వెనుక ఉద్దేశం ఏమీ లేకపోతే, అక్కడ పిడుగే నిలబడుతుంది.

ఈ రెండూ ఎక్కని చోట మామూలు మాటలు బోలెడు ఉన్నాయి. సంచలనం అంటే కదలిక. ఊరంతా కదిలిన వార్తకు అది. కలకలం దాని కంటే చిన్నది, గుసగుసలతో ఆగిపోతుంది. ఒక్క మనిషి లోపల జరిగిన దానికి ‘గుండెల్లో రాయి పడింది’ ఉంది. ‘షాక్’ ఉంది కానీ దాన్ని పత్రికలు, టీవీలు నాకి నాకి పదును పోగొట్టాయి. టమాటా ధర పెరిగినా షాకే, ప్రభుత్వం పడిపోయినా షాకే. బాంబ్‌షెల్ గురించి ఇంగ్లీషులో కూడా ఇదే ఫిర్యాదు ఉంది. రోజుకు పది పేలితే చెవులు అలవాటు పడతాయి. పరీక్షలో అధికారిక నివేదికను తెలుగు చేయమంటే అందులో బాంబులూ పిడుగులూ పెట్టవద్దు. ‘అనూహ్య ప్రకటన’ అని ఊరుకో.

మూడో అర్థం, అందగత్తె. 1933లో జీన్ హార్లో అనే హాలీవుడ్ నటి సినిమా ఒకటి బాంబ్‌షెల్ పేరుతోనే వచ్చింది. బంగారు రంగు జుట్టు ఉన్న తారలకు ఆ మాట బిరుదులా అతుక్కుపోయింది. చూడగానే దిమ్మ తిరుగుతుంది అని భావం. మనకు దీనికి సరిసమానం లేదని నువ్వు అనుకుంటావు. ఉంది, కాకపోతే మనం దాన్ని పిల్లలకు వాడుకున్నాం. ఒక్కచోట నిలవకుండా ఇల్లు పీకి పందిరి వేసే బుడతణ్ణి ‘పిడుగు’ అంటాం, ఇంకా ముద్దొస్తే ‘చిచ్చర పిడుగు’ అంటాం. సిసింద్రీ అన్నా దీపావళి సామానే. వారు బాంబును తారకు తగిలించారు, మనం పిడుగును మనవడికి తగిలించాం. చంపే వస్తువు మెచ్చుకోలు ఎలా అయిందన్న ప్రశ్నకు రెండు భాషల్లోనూ ఒకే జవాబు: దాని పక్కన ఎవరూ నిమ్మళంగా కూర్చోలేరు. అయితే నేటి రాతలో ఒక మహిళను బాంబ్‌షెల్ అనడం మర్యాద కాదు. సినిమా పత్రికలు రాస్తాయి, నువ్వు రాయకు.

సినిమా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన వాల్‌పోస్టర్ల మీద కనిపించే బ్లాక్‌బస్టర్ కూడా బాంబే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానాలు వేసిన, ఒక వీధి సముదాయాన్నే నేలమట్టం చేయగల పెద్ద బాంబులకు పత్రికలు పెట్టిన పేరు అది. తర్వాత సినిమావారు ఎత్తుకున్నారు. తమాషా ఏమిటంటే అమెరికాలో సినిమా ‘బాంబ్ అయింది’ అంటే ఘోరంగా పోయిందని. బ్రిటన్‌లో ఏదైనా ‘బాంబులా వెళ్లింది’ అంటే బ్రహ్మాండంగా నడిచిందని. ఒకే బాంబు ఒక ఒడ్డున ఫ్లాపు, ఇంకో ఒడ్డున హిట్టు. పరీక్షలో ఇవి ఇస్తే ఏ ఒడ్డు ఇంగ్లీషో చూసుకో.

అలాగే బాంబాస్ట్ అనే మాటను ఈ కుటుంబంలో కలపకు. చాలామంది మాస్టర్లే కలుపుతారు. డాంబికమైన మాటలకు ఆ పేరు. వినడానికి బాంబు మోతలా ఉంటుంది కానీ దాని అసలు అర్థం పత్తి. పూర్వం దుస్తులు ఉబ్బెత్తుగా కనిపించడానికి లోపల కూరే దూది. అది మందు కాదు, దూది. పేలదు.

ఇక నీ వాక్యాలు.

మొదటిది: కంపెనీ చైర్మన్ వార్షిక సమావేశం చివర లేచి రాజీనామా ప్రకటించిన వాక్యం. దాన్ని నువ్వు ‘సభ్యుల మీద పిడుగు పడేశారు’ అని రాశావు. పిడుగును ఎవరూ పడేయలేరని పైన చెప్పాను. చైర్మన్ ఇంద్రుడు కాదు. ‘సమావేశం ముగుస్తుండగా రాజీనామా ప్రకటించి చైర్మన్ బాంబు పేల్చారు’ అంటే సరిపోతుంది. ‘ముగుస్తుండగా’ అన్నది తీసేయకు. ఒత్తి పొడవు అందులోనే ఉంది.

రెండోది: పరీక్షల రిపోర్టు చూసి డాక్టరు ఇంటివారికి జబ్బు పేరు చెప్పిన వాక్యం. దానికి ‘డాక్టరు బాంబు పేల్చారు’ అని రాశావు. ఇంగ్లీషులో ఇక్కడ బాంబ్‌షెల్ చెల్లుతుంది, తెలుగులో డాక్టరుకు అన్యాయం జరుగుతుంది. ఆయన ఆ జబ్బును తయారు చేయలేదు, గురిచూసి వేయలేదు. ‘డాక్టరు చెప్పిన మాట మా నెత్తిన పిడుగులా పడింది’ అని రాయి. ‘లా’ ఉంచు. ఇలాంటి చోట ఉపమానమే మెత్తగా ఉంటుంది, రూపకం మోటుగా తగులుతుంది.

మూడోది నాకు బాగా నచ్చింది: ‘హైదరాబాదులో ఉద్యోగం మానేశానని, ఊళ్లోనే ఉండి జీడితోట చూసుకుంటానని అన్నయ్య ఆదివారం భోజనాల దగ్గర బాంబు పేల్చాడు.’ ఇందులో దిద్దడానికి ఏమీ లేదు. చెయ్యి ఉంది, వేళ ఉంది, చుట్టూ జనం ఉన్నారు, ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిన క్షణం కూడా కనిపిస్తోంది. మొదటి రెండు వాక్యాలు పత్రికలోంచి తీసుకున్నట్లు ఉన్నాయి, ఇది మాత్రం అలా లేదు. చీపురుపల్లిలో నాకు తెలిసి జీడితోటలు తక్కువే కాబట్టి కల్పించి రాసిన వాక్యమే అయి ఉంటుందని అనుకుంటున్నాను. కాకపోతే, మీ నాన్నగారు ఏమన్నారో రాయి.